ఎనిమిది సెకన్లు

లారీ తూకం కాంటా ఎక్కినప్పుడల్లా గది మొత్తం అదురుతుంది. గోడకున్న క్యాలెండరు ఊగుతుంది, ప్రింటరు మీద కాగితాలు కదులుతాయి, రేకు బల్ల మీది కీబోర్డు జానెడు దూరం జారిపోతుంది. ఇంకెవరైనా అయితే దాన్ని రెండు చేతులతో పట్టుకుంటారు. లింగానికి ఆ వీలు లేదు. కుడిచెయ్యి అరచేతి మధ్యలోనే ఆగిపోయింది. వేళ్లన్నీ ఏడు నెలల క్రితం నాలుగో నంబరు పవర్ ప్రెస్సు కింద పోయాయి. అందుకని మిగిలిన ఆ మొండిచేతినే కీబోర్డు కుడిపక్క మూల మీద ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, ముందుకు వంగి కిటికీలోంచి లారీ నంబరు చదువుకునేవాడు. ఆ తర్వాత వెనక్కి జరిగి ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరమే కొట్టేవాడు.

బండి నంబరు, సరుకు పేరు, పార్టీ పేరు. ఇవన్నీ ఎలాగో అయిపోయేవి. అసలు చిక్కు చివర్లో ఉండేది. తూకం ఖాయం కావాలంటే కంట్రోల్ మీటా, పైవరసలో చివరనున్న ఎఫ్ పన్నెండు మీటా ఒకేసారి నొక్కాలి. పొరపాటున వేలు తగిలి తప్పుడు తూకం ఎక్కకూడదని ఆ ప్రోగ్రాం రాసినవాడు అలా పెట్టాడు. లింగం ఎడమచేత్తో కంట్రోల్ పట్టుకుని, పళ్ల మధ్య పెన్ను కరుచుకుని, తల వంచి పెన్ను కొసతో ఎఫ్ పన్నెండును పొడిచేవాడు. డ్రైవర్లు కిందికి దిగి కిటికీ దగ్గర చేరి ఆ తమాషా చూసేవాళ్లు. ఒకడైతే రెండోవాణ్ణి పిలిచి మరీ చూపించాడు.

ఆ బుధవారానికి కాంటా గదిలో లింగం కూర్చుని ఇరవై రోజులైంది. పాశమైలారంలో మోటార్ల రేకులు కత్తిరించే ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ప్రెస్సు మీద పనిచేశాడు. ఈఎస్ఐ ఆస్పత్రి నుంచి బయటపడి వచ్చాక, తేలిక పని చూస్తామన్నారు. చూసిన తేలిక పని ఇది. నెలరోజులు చూసి, చేయగలిగితే ఉంచుతారు, లేకపోతే లేదు. బొంతపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే లింగానికి ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ లేదు. ఒంటిచేతి మనిషిని గేటు దగ్గర నిలబెట్టుకునే కంపెనీ కూడా ఆ చుట్టుపక్కల లేదు.

కంప్యూటరు నేర్పింది ఆఫీసులో టైపిస్టు హైమావతి. బీరంగూడలో ఉంటుంది, కంపెనీ బస్సులో వస్తుంది. డీజిలు వాసన కొట్టే ఆ గది ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. నేర్పడం మాత్రం ఓపికగానే నేర్పింది.

"తెర మీద ఇంగ్లీషులో డబ్బాలు వస్తూ ఉంటాయి లింగంగారూ. ప్రింటరులో కాగితం లేదంటుంది, ఇంకేదో అంటుంది. అవన్నీ చదువుతూ కూర్చుంటే ఒక్క లారీ గేటు దాటదు. ఏ డబ్బా వచ్చినా ఎంటర్ కొట్టేయండి, అదే పోతుంది."

ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్లున్న నాలుగు గదుల్లోనూ అదే పద్ధతి. డబ్బా వస్తుంది, ఎంటర్ కొడతారు, డబ్బా పోతుంది. అందులో ఏం రాసుందో చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు. లింగం కూడా ఆ పద్ధతినే శ్రద్ధగా పాటించాడు. మొండిచెయ్యి ఆనించి లేచేసరికి అప్పుడప్పుడు ఒక డబ్బా తెర మీద ఉండేది. ఎంటర్ కొట్టి పంపించేసేవాడు.

కీబోర్డు సంగతి మాత్రం అతనికి ఓ పట్టాన అంతుబట్టలేదు. ప్రెస్సు మీద బటన్ నొక్కితే సుత్తి కిందికి దిగేదాకా ఒత్తిపట్టుకోవాలి. ఆ అలవాటు వేలిని వదల్లేదు. అక్షరం తెర మీద కనబడేదాకా మీట మీంచి వేలు తీసేవాడు కాదు. దాంతో ఒక్క అక్షరం కొడితే ఆరు పడేవి. వాటిని చెరుపుకుంటూ కూర్చునేవాడు. అయితే రెండు మూడు లారీలు పోయాక బోర్డు దానంతటదే దారికొచ్చేది. వేలు ఎంతసేపు ఆనించినా ఒక్కటే పడేది. మిషన్ వేడెక్కింది అనుకున్నాడు. ప్రెస్సు కూడా పొద్దున్నే మొరాయించి, వేడెక్కాక మాట వింటుంది. మళ్లీ కాసేపటికి బోర్డు పాత పాట మొదలుపెడితే చల్లబడింది అనుకునేవాడు.

బుధవారం మధ్యాహ్నం లింగం సద్ది తినడానికి లేచాడు. ఆ అరగంటా హైమావతి కూర్చోవాలి. ఆమె పది వేళ్లూ మీటల మీద పరిగెత్తాయి. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. బయట లారీ హారన్ మోగుతోంది. బోర్డును ఎత్తి దులిపింది, వైరు కదిలించింది. అప్పుడే ప్రొడక్షన్ ఇన్‌చార్జి నరసింహమూర్తి లోపలికి వచ్చాడు. ప్రెస్ షాపూ కాంటా రెండూ ఆయన కిందే ఉంటాయి.

"ఏమయ్యా, ఏం చేశావు దీన్ని?" అన్నాడు, గుమ్మంలో సద్దిగిన్నెతో నిలబడ్డ లింగాన్ని చూసి.

"నేనేం చెయ్యలే సార్. ఇప్పటిదాంక మంచిగనే నడిచింది."

"నీకు నడిచి, టైపిస్టుకి నడవకపోవడమేంటి?"

పావుగంట తర్వాత కొత్త కీబోర్డు వచ్చింది. హైమావతి కొట్టి చూస్తే అక్షరాలు టపటపా పడ్డాయి. పాతదాన్ని మూర్తి స్వయంగా తీసుకెళ్లి తుక్కు డబ్బాలో పడేశాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. "అక్కడ చెయ్యి పోగొట్టుకున్నావు, ఇక్కడ కీబోర్డు. నిర్లక్ష్యం అనేది మనిషిలో ఉంటుందయ్యా, మిషన్‌లో ఉండదు."

లింగం గిన్నె మూత మళ్లీ పెట్టేశాడు. ఆ మాట అతనికి కొత్తది కాదు. ప్రమాదం కాగితంలో కూడా అదే ఉందని తర్వాతెవరో చెప్పారు. ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల అని ఇంగ్లీషులో రాసి, ఆస్పత్రి మంచం దగ్గరికి తెచ్చి, మూర్తి పక్కన నిలబడి ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. లింగం అది చదవలేదు. ఆ రోజు నొప్పికి కళ్లే తెరవలేకపోయాడు. చదవలేకపోయినందుకు ఇప్పటికీ తనమీద తనకే కోపంగా ఉంది.

గురువారం మళ్లీ అదే జరిగింది. కొత్త బోర్డు, అదే రోగం. మధ్యాహ్నం హైమావతి కూర్చుంటే అక్షరం పడలేదు. ఈసారి మూర్తి రామచంద్రపురం నుంచి కంప్యూటర్లు బాగుచేసే మనిషిని పిలిపించాడు. అతను వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టొద్దన్నాడు. లారీలకు చేత్తో చీటీలు రాసిచ్చారు. ఆ మనిషి గంట తర్వాత స్కూటరు దిగి వచ్చి కొట్టి చూస్తే బోర్డు లక్షణంగా పనిచేసింది.

"దీనికేం రోగం లేదు సార్" అన్నాడు. అయినా వచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కాబట్టి చిన్న చిన్న బొమ్మలతో నిండిన ఒక కిటికీ తెరిచాడు. వెనక నిలబడి చూస్తున్న లింగానికి ఆ బొమ్మల్లో మొదటిది కళ్లబడింది. చక్రాల కుర్చీ బొమ్మ. ఈఎస్ఐ ఆస్పత్రి గేటు మీద నీలిరంగులో వేసి ఉంటుంది కదా, అలాంటిదే. కంప్యూటర్లో దానికేం పని అనుకున్నాడు. బాగుచేసే మనిషి దాన్ని దాటేసి కీబోర్డు బొమ్మ తెరిచి, మూసి, చేతులు దులుపుకున్నాడు.

"మరి రోజూ ఎందుకు పాడవుతోంది?" అన్నాడు మూర్తి.

"ఎవరు కూర్చున్నాక పాడవుతోందో చూసుకోండి సార్."

గదిలో అందరూ లింగం వైపు చూశారు. లింగం కిటికీలోంచి బయటికి చూశాడు.

బాగుచేసే మనిషి వెళ్లాక మూర్తి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన గొంతు తగ్గిస్తేనే భయం. "నాకు అర్థమవుతోంది లింగం. నువ్వు తప్ప ఇంకెవరూ దీన్ని నడపలేకుండా చేస్తే కుర్చీ నీకే ఉండిపోతుందని చూస్తున్నావు. ఎల్లుండి పదింటికి జీఎం గారు వస్తారు. ఆయన ముందు నువ్వు ఐదు లారీలు తూచు, హైమావతిగారు ఐదు తూస్తారు. బోర్డు మళ్లీ ఆగిపోతే ఫైల్లో రెండోసారి నిర్లక్ష్యం అని రాస్తాను. రెండోసారి రాశాక ఏమవుతుందో నీకూ తెలుసు."

"నేను కావాలని చేస్తలేను సార్. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు ఫైల్లో రాయరు" అని మూర్తి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు అరుగు మీద కౌసల్య అతని మొండిచేతికి కొబ్బరినూనె రాస్తోంది. చర్మం బిగుసుకుపోకుండా రోజూ రాయమని డాక్టరు చెప్పాడు. లింగానికి అక్కడ స్పర్శ లేదు. నూనె చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా తెలియదు. భార్య వేళ్లు తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటాడు, అంతే.

కౌసల్య రాయడం ఆపి చేతిని వెలుతురుకు తిప్పింది. "ఇదేందయ్యా, గీడ అచ్చు పడ్డది?"

"ఏం అచ్చు?"

"సూడు. ఇటుక లెక్క నాలుగు మూలలు. నిన్న గూడ ఉండె. రోకలిబండ తాకిందేమో అనుకున్న. దేని మీద పెడుతున్నవ్ చెయ్యి?"

లింగం వంగి చూశాడు. కుట్లు పడ్డ చర్మం మీద పొడుగాటి నాలుగు మూలల గుంట ఉంది. అంచులు ఎర్రగా కమిలి ఉన్నాయి. కీబోర్డు మీద మామూలు మీటలు అంత పొడుగుండవు. అంత పొడుగున్నవి నాలుగైదే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది? నొస్తున్నదా?"

"నొస్తే మంచిగుండు. నొయ్యకనే గింత పరేషాన్ అయింది" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న అందరికంటే ముందే కాంటా గదికి చేరాడు. కంప్యూటరు వెలిగించి, కుర్చీలో కూర్చుని, మొండిచేతిని రోజూ ఆనించే చోట ఆనించాడు. ఈసారి కిటికీ వైపు కాక చేతివైపే చూశాడు. అరచెయ్యి కింద కుడిపక్క షిఫ్ట్ మీట లోపలికి దిగి ఉంది. చేతికి తెలియదు గానీ కంటికి తెలుస్తోంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. ఎనిమిది అనేసరికి డబ్బా వచ్చింది.

ఇన్ని రోజుల్లో మొదటిసారి లింగం ఎంటర్ కొట్టలేదు.

పదో తరగతి తెలుగు మీడియంలో పాసయ్యాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు. పాడైన తూకం చీటీ వెనక ఆ డబ్బాలోని మాటలన్నీ ఎడమచేత్తో వంకరటింకరగా రాసుకున్నాడు. కుడివైపు, మీట, ఎనిమిది, సెకన్లు. ఈ నాలుగూ తెలిశాయి. మిగతావి తెలియకపోయినా పర్వాలేదనిపించింది. ఎనిమిది సెకన్లు కుడి మీట నొక్కిపెడితే ఏదో మొదలవుతుంది. ఇన్నాళ్లూ డబ్బా వచ్చి అడుగుతూనే ఉంది, మొదలుపెట్టనా అని. తను చదవకుండా సరే అంటూ వచ్చాడు.

సరే అన్నాడు మళ్లీ. తెర కింది మూలలో చిన్న గడియారం బొమ్మ వచ్చింది. ఒక అక్షరం మీద వేలు ఇట్టే తాకించి తీశాడు. ఏమీ పడలేదు. అదే అక్షరం మీద వేలు ఒత్తిపట్టాడు. పడింది, ఒక్కటే పడింది. మళ్లీ ఎనిమిది సెకన్లు షిఫ్ట్ ఒత్తిపట్టాడు. గడియారం బొమ్మ పోయింది, అక్షరాలు మళ్లీ ఆరేసి పడ్డాయి. వేడీ లేదు, చల్లా లేదు. తన చెయ్యే వెలిగించి, తన చెయ్యే ఆర్పుతోంది.

గేటు దగ్గర మొదటి లారీ వచ్చి హారన్ కొట్టింది. లింగం చెయ్యెత్తి ఆగమన్నాడు. బాగుచేసే మనిషి తెరిచిన బొమ్మల కిటికీని గుర్తు తెచ్చుకుని మౌసుతో వెతికాడు. చక్రాల కుర్చీ బొమ్మ దొరికింది. తెరిచాడు. మొదటి పుటలోనే మూడు గళ్లున్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో వివరాలు. ఒక్కో మాటే కూడబలుక్కున్నాడు. రెండో గడిలో ఆ గడియారపు సంగతే ఉంది. తొందరగా తాకిన మీటలను లెక్క చెయ్యదట. ఇంకో పుటలో, ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఇవన్నీ వాటంతటవే ఆరిపోతాయని ఉంది. బుధవారం కొత్త బోర్డు వచ్చేలోపు జరిగిందీ అదే. గురువారం గంటసేపు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా మూర్తి తనే రోగం కుదిర్చాడన్నమాట.

మొదటి గడి చదివేసరికి లింగం కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, వీటిని ఒకసారికి ఒక్క మీట చొప్పున నొక్కదలుచుకుంటే ఇక్కడ టిక్కు పెట్టుకోమంటోంది. రెండుసార్లు చదివాడు. టిక్కు పెట్టాడు. లారీని రమ్మని సైగ చేసి, నంబరు కొట్టి, కంట్రోల్ నొక్కి వేలు తీసేశాడు. తీరిగ్గా చెయ్యి జరిపి ఎఫ్ పన్నెండు నొక్కాడు.

తూకం ఖాయమైంది. ప్రింటరు కరకరమంటూ చీటీ బయటికి తోసింది.

పళ్ల మధ్య పెట్టుకునే పెన్ను బల్ల మీద ఉంది. దాని మూత నిండా పంటిగాట్లు. లింగం దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ కుక్క ఎముక కొరికినట్టు దాన్ని కొరికాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు అక్కర్లేకుండా చేసే సదుపాయం మొదటి రోజు నుంచీ ఆ పెట్టెలోనే ఉంది. బయట డ్రైవరు "చిట్టీ దేదో భాయ్" అని అరిచేదాకా చీటీ చించలేదు.

పదిన్నర టీకి చిన్నరాములు వచ్చాడు. లింగం తర్వాత నాలుగో నంబరు ప్రెస్సు మీదికి వచ్చింది అతనే. ఇద్దరిదీ ఒకే ఊరు. లింగం జరిగిందంతా చెప్పి, ఆ గడియారం బొమ్మ చూపించాడు.

చిన్నరాములు గ్లాసు కింద పెట్టాడు. "ఎవరికన్న చెప్పినవా?"

"ఇంక లేదు. రేపు జీఎం సారుకు చెప్త."

"నీకేమన్న దిమాక్ ఉన్నదా లింగన్నా? జెర ఆలోచన చెయ్యి. అది వెలుగుతే నువ్వొక్కనివే నడపగల్గుతవ్. ఆ మేడం ఏళ్లు ఎంత ఉరికినా అక్షరం పడది. నోరు మూసుకో. కుర్చీ నీదైతది."

"ఆమె నాకు నేర్పింది గదరా."

"నేర్పితే ఏమైంది? ఆమెకు ఆఫీసుల ఇంకో కుర్చీ ఉన్నది. నీకేమున్నది?"

లింగం చిన్నరాములు కుడిచేతి వేళ్లను చూస్తున్నాడు. ఐదూ ఉన్నాయి. గోళ్లలో గ్రీజు ఉంది. "ప్రెస్సు బటన్ కాడ గా చెక్క ఇంక అట్లనే ఉన్నదా?" అని అడిగాడు.

"ఏడికి పోతది? గంటకు ఆరొందల రేకులు కొట్టాలెనంటే చెక్క లేకుంట అయితదా?" అని చిన్నరాములు లేచి వెళ్లాడు.

శనివారం పదింటికి జనరల్ మేనేజర్ రాజారావు కాంటా గదిలోకి వచ్చాడు. ఆయన ఈ ఫ్యాక్టరీకి బదిలీ అయి రెండు నెలలే అయింది. కూర్చోమంటే కూర్చోలేదు. మూర్తి చంకలో ఫైలుంది. హైమావతి గోడవారగా నిలబడింది. గేటు బయట పది లారీలు వరసలో ఉన్నాయి.

లింగం వాళ్లు లోపలికి వచ్చేముందే రెండు గళ్లలోనూ టిక్కులు పెట్టుకున్నాడు. మొదటి లారీ కాంటా ఎక్కింది, గది అదిరింది. మొండిచేతిని ఈసారి బోర్డు మీద కాక దాని పక్కన బల్ల మీద ఆనించి అడ్డం పెట్టాడు. నంబరు, సరుకు, పార్టీ. వేలు ఒత్తిపట్టి తీసిన ప్రతిసారీ ఒక్కటే అక్షరం. కంట్రోల్. ఆగాడు. ఎఫ్ పన్నెండు. చీటీ వచ్చింది. మూర్తి ముందుకు వంగి చూశాడు. ఆయన ఎదురుచూసిన పెన్ను ఈసారి పళ్ల మధ్యకి రాలేదు. ఐదు లారీలు అలాగే పోయాయి. నిదానంగా పోయాయి గానీ ఒక్క తప్పు లేదు.

"బానే చేస్తున్నాడే" అన్నాడు రాజారావు.

"ఇప్పుడు హైమావతిగారు కూర్చుంటారు సార్. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది" అన్నాడు మూర్తి.

లింగం లేచాడు. లేచేముందు రెండో గడిలో టిక్కు తీసేయొచ్చు, క్షణం పని. తీయలేదు. మరిచిపోయి కాదు. చిన్నరాములు మాట చెవిలో ఉంది, ఇంటి దగ్గర కౌసల్య మొహం కళ్లముందుంది. పక్కకి జరిగి నిలబడ్డాడు.

హైమావతి వేళ్లు పరిగెత్తాయి. తెర మీద ఏమీ పడలేదు. ఆమె చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. లారీ కాంటా మీదే ఆగి పొగ వదులుతోంది. వెనకవాడు హారన్ కొట్టాడు, వాడి వెనకవాడూ కొట్టాడు. ఆమె మెడ వెనక చెమట పట్టింది. మూడోసారి కొట్టి, తలెత్తకుండా "పడట్లేదు సార్" అంది.

"మీరు టైపిస్టేనా? ఒంటిచేత్తో ఆయన ఐదు బళ్లు పంపించాడు. రెండు చేతులతో మీరు ఒక్క నంబరు కొట్టలేకపోతే ఏమనుకోవాలి?" రాజారావు గొంతులో విసుగు దాచుకోలేదు. "పని మీద ఇంత నిర్లక్ష్యమా?"

హైమావతి మొహం పాలిపోయింది. వేళ్లు ఒడిలో పెట్టుకుంది. లింగం ఆ చేతుల్ని చూశాడు. నువ్వు చెయ్యని పనికి నువ్వే కారణమని నలుగురిలో అంటే మనిషి ఎలా అయిపోతుందో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ మాట తన మీద పడితే ఏడు నెలలుగా మింగలేక చస్తున్నాడు. ఇప్పుడు తనే ఇంకొకరి మీద పడనిచ్చాడు.

"ఆమెది తప్పు కాదు సార్. నేను చెప్త" అన్నాడు.

మూర్తి ఫైలు చంకలోంచి తీశాడు. "నేను చెప్పలేదా సార్..."

"చెప్పనీయండి" అన్నాడు రాజారావు.

లింగం హైమావతి పక్కన నిలబడి మొండిచేతిని షిఫ్ట్ మీద ఆనించాడు. పైకే లెక్కపెట్టాడు. ఎనిమిది అనగానే మూలనున్న గడియారం బొమ్మ పోయింది. "ఇప్పుడు కొట్టుండ్రి మేడం."

అక్షరాలు టపటపా పడ్డాయి. ఆమె వేళ్లాపి అతని వైపు చూసింది.

లింగం మళ్లీ ఒత్తిపట్టాడు. ఈసారి డబ్బా వచ్చింది. "ఇదే సార్. గీడ ఎనిమిది సెకన్లు ఒత్తితే వెలుగుతది. వెలిగినంక మెల్లగ కొట్టెటోనికి పనిచేస్తది, జల్దీ కొట్టెటోనికి పనిచెయ్యది. నా చెయ్యి గీడ ఆనుతున్నది. నాకు స్పర్శ లేదు, ఎరుకలే. మొన్న నా ఇంటామె అచ్చు సూసి చెప్పింది. డబ్బా అడిగిందే గని నేను సదవలే, ఎంటర్ కొట్టిన."

"నేనే చెప్పాను సార్, ఏది వచ్చినా ఎంటర్ కొట్టమని" అంది హైమావతి మెల్లగా. "మేమందరం అదే చేస్తాం."

రాజారావు బల్ల మీదికి వంగాడు. లింగం చక్రాల కుర్చీ బొమ్మ తెరిచి చూపించాడు. కంట్రోల్ నొక్కి వదిలి, ఎఫ్ పన్నెండు నొక్కి చూపించాడు.

"ఇది ఎవరు పెట్టించారు?"

"ఎవరు పెట్టియ్యలే సార్. కొన్ననాటి సంది అండ్లనే ఉన్నది. తయారు చేసినోనికి ముందుగాలనే యాదికున్నది, ఒక్క చెయ్యి ఉన్నోళ్లు గూడ ఉంటరని." అక్కడితో ఆగితే సరిపోయేది. కుర్చీ దాదాపు దక్కినట్టే. కానీ నోటిదాకా వచ్చింది ఆగలేదు. "ప్రెస్సు తయారు చేసినోనికి గూడ యాదికుండె సార్. రెండు బటన్లు పెట్టిండు. రెండు చేతులు రెండు బటన్ల మీద ఉంటేనే సుత్తి దిగుతది."

రాజారావు నిటారుగా నిలబడ్డాడు. "రెండు చేతులూ బటన్ల మీద ఉంటే, నీ చెయ్యి కిందికెలా వెళ్లింది?"

మూర్తి ఫైలు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చాడు. "సార్, అదంతా రిపోర్టులో ఉంది. ఆపరేటర్..."

"నేను ఆయన్ని అడిగాను."

"సూద్దురు రాండ్రి సార్" అన్నాడు లింగం. "ప్రెస్ షాపు రెండొందల అడుగులు గూడ లేదు."

ప్రెస్ షాపులో ఏడు ప్రెస్సులు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. చిన్నరాములు ఎడమచేత్తో బటన్ నొక్కుతూ, కుడిచేత్తో రేకును సుత్తి కిందికి తోస్తూ, లాగుతూ ఉన్నాడు. కుడి బటన్ మీద చెయ్యి లేదు. బటన్ చుట్టూ ఉన్న ఇనుప కట్టుకీ బటన్‌కీ మధ్య ఒక చెక్క ముక్క బిగించి ఉంది. అది ఉంటే కుడి బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే లెక్క. జీఎంను చూసి చిన్నరాములు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మిషన్ ఆపు తమ్మీ" అన్నాడు లింగం. చక్రం తిరగడం ఆగేదాకా ఆగి, ఎడమచేత్తో చెక్కను అటూ ఇటూ కదిపి బయటికి లాగాడు. మూడంగుళాలుంటుంది. పెట్టె చెక్క, చక్కగా చిత్రిక పట్టి ఉంది. దాని మీద పచ్చ రంగుతో నాలుగు అని వేసి ఉంది.

రాజారావు దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. "ఈ నంబరేంటి?"

"స్టోర్స్ నుంచి వచ్చే వస్తువుకి ఏ మిషన్‌దో నంబరు వేస్తరు సార్. ఏడు మిషన్లకు ఏడు చెక్కలు. మన కార్పెంటరే చేసిండు."

"అంటే స్టోర్స్ రిజిస్టరులో ఉంటుంది. ఎవరు చేయమన్నారో కూడా ఉంటుంది." ఆయన మూర్తి వైపు తిరిగాడు. మూర్తి మిగతా ప్రెస్సుల వైపు చూస్తున్నాడు. వాటి మీద మనుషులు కూడా ఒక్కొక్కరే పని ఆపి ఇటే చూస్తున్నారు.

"టార్గెట్లు సార్..." అన్నాడు మూర్తి.

"ప్రమాదం రిపోర్టు నా టేబుల్ మీద పెట్టండి. స్టోర్స్ రిజిస్టరు కూడా." రాజారావు చెక్కను జేబులో పెట్టుకోబోయాడు.

లింగం ఎడమచెయ్యి చాపాడు. "అది నాకియ్యుండ్రి సార్. మీకు ఇంక ఆరు ఉన్నయి."

రాజారావు ఒక్క క్షణం ఆ చేతినీ, పక్కనున్న రెండో చేతినీ చూశాడు. చెక్క ఇచ్చేశాడు. "గేటు దగ్గర బళ్లు ఆగిపోయి ఉన్నాయి. మీరు వెళ్లి మీ పని చూసుకోండి" అన్నాడు. ఆ షాపులో లింగాన్ని 'మీరు' అన్న ఆఫీసరు అంతకుముందు లేడు. వెనక నాలుగో నంబరు ప్రెస్సు మళ్లీ మొదలైంది. చిన్నరాములు రేకు పెట్టి, రెండు చేతులూ రెండు బటన్ల మీద ఆనించి నొక్కాడు. చప్పుడు నిదానంగా వచ్చింది.

కాంటా గదిలో హైమావతి నాలుగో చీటీ కొడుతోంది. లింగం రాగానే కుర్చీలోంచి లేచి, "ఏమైంది?" అని అడిగింది. అతను బల్ల ముందు వంగాడు. బల్ల అంచుకున్న ఇనుప పట్టీకీ కీబోర్డుకీ మధ్య ఉన్న సందులో చెక్కను పెట్టి అరచేత్తో కొట్టి బిగించాడు. పచ్చ నంబరు పైకి కనబడేట్టు పెట్టాడు.

"మూర్తిగారు రోజూ వస్తారు కదండీ ఇక్కడికి. చూస్తారేమో" అంది హైమావతి.

"సూడనీ మేడం. సూడాలెననే పెట్టిన."

చివరి లారీ కాంటా ఎక్కింది. క్యాలెండరు ఊగింది, కాగితాలు కదిలాయి. కీబోర్డు కదల్లేదు. లింగం మొండిచేతిని ఒడిలో పెట్టుకుని ముందుకు వంగి నంబరు చదివాడు. కంట్రోల్ నొక్కి వదిలాడు, ఎఫ్ పన్నెండు నొక్కాడు. చీటీ చించి కిటికీలోంచి డ్రైవరుకు అందించాడు.